ఖాళీ కడుపని చెప్పమంది

...ఎంత బరువుందో నా భుజం మీద ఈ తల, నూనె రాయనివ్వదు, జడ వేయనివ్వదు, పద్నాలుగేళ్లకే నేను పెద్దదాన్నంటుంది, ఇవాళ మాత్రం మా హోప్ టౌన్ జెట్టీలో పడవెక్కినప్పటి నుంచి ఈ ఆసుపత్రి బెంచీ దాకా నా కొంగు వదల్లేదు, మా అమ్మడు, ఇంకా ఇద్దరు లోపలికెళితే తర్వాత మేమే, డాక్టరుకి ఏం చెప్పాలి, అమ్మా చక్కర్ వచ్చింది అంతే, కళ్లు తిరిగాయి, ఖాళీ కడుపుతో ఉన్నానని చెప్పేయవా, ప్లీజ్, అని పడవలో చెవిలో గొణిగి నవ్వింది, ఆ నవ్వు చూస్తే నేను దేనికైనా సరేనంటానని దానికి తెలుసు, ఎదురు బెంచీ మీద మా వీధి సీతాలు, ఏటే గవరమ్మా, పిల్లకేటయింది, అంది, తిండి సరిగ్గా తినదు దీదీ, అన్నాను, అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో, సన్నబడిపోవాలని పిచ్చే ఈళ్లకి, నాలుగు తగిలించు, అని సీతాలు నవ్వింది, నేనూ నవ్వాను, సిగ్గులేనిదాన్ని.

పొద్దున బోర్లించిన డింగీ పడవ వెనక దీన్ని చూసినప్పుడు ఫోను పట్టుకుని దాక్కుందనుకున్నాను, ఫోను కాదు, వాళ్ల నాన్న కుంచెలు తుడిచే గుడ్డ, రంగు పలచన చేసే థిన్నర్‌లో తడిపి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మొహం అందులో, నేను అరిచాను, చీపురు తీసుకుని వెంటపడ్డాను, బెదిరి లేచి నాలుగడుగులు పరిగెత్తి ఇసకలో పడిపోయింది, పెదాలు నీలం, ఒళ్లో వేసుకుని ఎంత పిలిచినా పలకలేదు, తర్వాత వాంతి చేసుకుని కళ్లు తెరిచింది, రెండు నెలలుగా దీని చున్నీ అదే వాసన, రెండు నెలలుగా మొగుణ్ని తిట్టుకుంటూ ఉతికాను, ఆయన డింగీలకి రంగులేస్తాడు, మా ఇంట్లో అన్నం ముద్దకీ థిన్నర్ వాసనే, కొత్త కోడలిగా వచ్చి ఆ వాసనకి నేను వారం వాంతులు చేసుకుంటే మా అత్త ఎరుకమ్మ నెల తప్పిందనుకుని వీధంతా మిఠాయి పంచింది, ఆ తర్వాత నా ముక్కు సగం చచ్చిపోయింది, రంగుల ఇంట్లో పిల్ల రంగుల వాసన కొడితే ఏ తల్లి అనుమానపడుతుంది, దారూ కాదు కదమ్మా, క్లాసులో వాళ్లు రాత చెరిపే వైట్నర్ పీలుస్తారు, కుచ్ నహీ హోతా, ఏం కాదు, అంటుంది, సారా మీద అందరూ ఉపన్యాసాలిస్తారు, ఊరగాయ జాడీ పక్కన పెట్టుకునే ఈ థిన్నర్ సీసా గురించి ఒక్కరూ నోరెత్తరు, నేను మాత్రం ఎత్తానా, ఎత్తితే సీతాలు వింటుంది, సాయంత్రానికి జెట్టీ అంతా వింటుంది, మత్తుపిల్ల అంటారు, నా బంగారాన్ని.

పిలిచారు, తలుపు సరిగ్గా మూసుకోదు, క్యా హువా, అని డాక్టరు కలం పట్టుకున్నాడు, అమ్మడు నా అరచేతిలో గిచ్చింది, చిన్నప్పుడు సూదిమందు దగ్గరా ఇలాగే గిచ్చేది, అయినా చెప్పేశాను, థిన్నర్ సాబ్, గుడ్డలో పోసుకుని పీలుస్తోంది, రెండు నెలలైంది, నేను అరిచి తరిమితే పడిపోయింది, అమ్మడు చెయ్యి లాక్కుంది, బయట సీతాలు నవ్వు ఆగింది, ఆయన కలం పడేసి నర్సుని పిలిచాడు, ఛాతీకి వైర్లు పెట్టించాడు, దీదీ, మొదటిసారి పీల్చినా గుండె ఆగిపోవచ్చు, పీల్చినవాళ్లని బెదిరించకూడదు, పరిగెత్తించకూడదు, బతికి ఉండటం మీ అదృష్టం, అన్నాడు, బేటా నిన్నెవరూ కొట్టరు, ఇంకేం పీల్చావో చెప్పు, అని దాన్ని అడిగాడు, అది గోడకేసి చూస్తూ ఏడుస్తూ ఒక్కొక్కటే చెబుతోంది, గోళ్లరంగు తుడిచేది, పంక్చర్ సొల్యూషన్, నేను దాని పాదం పట్టుకుని వింటున్నాను, ఖాళీ కడుపని చెప్పుంటే ఈయన టానిక్ రాసి పంపేసేవాడు, ఇంటికెళ్లి చేపల పులుసు కలిపి ముద్దలు పెట్టేదాన్ని, బడిలో అడిగితే జ్వరమనేదాన్ని, దాని పరువు అంత ప్రేమగా కాపాడేదాన్ని, ఆ ప్రేమతోనే నా పిల్లని చంపుకునేదాన్ని.