పాత ప్లగ్గు

గీతలు పడిన పిస్టన్‌ను వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు కోదండరామ. తర్వాత దాన్ని ఎదురుగా నిలబడ్డ రామప్ప ముక్కు దగ్గరికి తెచ్చాడు. గడ్డి కోసే మిషన్‌ను భుజాన వేసుకుని సోమేనహళ్ళి నుంచి బస్సులో వచ్చిన రైతు రామప్ప.

“పెట్రోల్లో ఆయిలు కలపమని చెప్పింటి కదప్పా. కలిపితివా?”

“కలిపినట్టే గుర్తు...”

“కలపలేదు. కలిపింటే ఈ గీతలు యాడనుంచి వస్తాయి? మిషన్ది కాదు తప్పు, నీది.”

అని ఆ పిస్టన్‌ను రామప్ప అరచేతిలో పెట్టి, వేళ్ళు ముడిచి మరీ అప్పగించాడు. గూళూరు బస్టాండు పక్కనున్న ఆ రేకుల షెడ్డులో ఏ రిపేరైనా ఈ తంతుతోనే ముగుస్తుంది. పోయిన సామాను సొంతదారు చేతికి రావాలి, తప్పెవరిదో నలుగురూ వినేటట్టు తేలాలి. కోదండప్ప దగ్గరికి పోతే ఇంజన్ బాగవుతుంది, మనకు తలనొప్పి పట్టుకుంటుంది అని హోబళిలోని ఊళ్ళన్నీ నవ్వుకుంటాయి. అయినా వస్తారు. ఆయన నోట అబద్ధం రాదని అందరికీ తెలుసు.

నిజానికి ఆ నోటి వల్లే ఆయన మెకానిక్ అయ్యాడు. బాగేపల్లిలో వాళ్ళ నాయనది పప్పులు, ఉప్పుల అంగడి. పదిహేనేళ్ళ వయసులో గల్లా దగ్గర కూర్చోబెడితే, ఈ కందిపప్పు పోయినేటిది, తీసుకోవద్దమ్మా అని గిరాకీలను తిప్పి పంపాడు. నాయన చేతులెత్తి దండం పెట్టి మోటార్ల షెడ్డులో చేర్చాడు. అన్నలు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. భార్య కన్యకమ్మ మాత్రం ఎగతాళి చేయదు. “ఉన్నదంతా చెప్పాల్నా? కొంచెం మింగితే కడుపు నొస్తుందా?” అని అన్నం పెడుతూ అడుగుతుంది. ఆయన మజ్జిగ పోసుకుంటాడు.

రామప్ప గొణుక్కుంటూ వెళ్ళిన కాసేపటికి ఫోన్ మోగింది. మిట్టేమరి నుంచి యోగానంద. చాలాకాలం గుడిలో అర్చన చేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న పెద్దాయన.

“కోదండా, జనరేటరు పట్టలేదప్పా. తాడు లాగితే టపామని పేలుతాది. కరెంటు లేదు. లైను పని చేస్తాండారంట, సాయంత్రం దాకా రాదంట.”

“అమ్మకు?”

“చిన్న ఆక్సిజన్ సిలిండరు పెట్టినాను. మీటరు ముల్లు ఎర్రగీతకు వచ్చేసింది.”

కోదండరామ చేతులు కూడా తుడుచుకోలేదు. సంచి మోపెడ్‌కు తగిలించి బయల్దేరాడు.

యోగానంద భార్య పంకజమ్మ జీవితమంతా గుడి వంటశాలలో కట్టెల పొయ్యి ముందు గడిపింది. ఆ పొగ ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. ఆమె చేసిన పులిహోర కోసం చిన్నప్పుడు కోదండరామ బాగేపల్లి నుంచి నడిచి వచ్చేవాడు. ఇప్పుడు ఆమె మంచం పక్కన గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ ఉంది. అది కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే జనరేటర్, అదీ లేకపోతే సిలిండర్. పెద్ద సిలిండర్‌ను నింపించడానికి కొడుకు అనిరుద్ధ నిన్ననే చిక్కబళ్ళాపురం తీసుకుపోయాడు. దారిలో ఉన్నానంటున్నాడు. అంబులెన్స్ హైవే మీద యాక్సిడెంట్‌కు పోయింది, రావడానికి ఆలస్యమవుతుందట.

జనరేటర్ వరండాలో ఉంది. మూత మీద గంధం, కుంకుమ, పక్కన వాడిన చామంతి. కోదండరామ చోక్ వేసి తాడు లాగాడు. ఇంజన్ ఒకసారి దగ్గి, కార్బొరేటర్‌లోంచి పెద్దగా పేలింది. తాడు వెనక్కి లాక్కుని వేళ్ళను కోసినంత పని చేసింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అదే పేలుడు.

కిటికీలోంచి పంకజమ్మ ఊపిరి వినిపిస్తోంది. పైకి వచ్చేటప్పుడు గురక, దిగేటప్పుడు చిన్న మూలుగు.

నిదానంగా చేస్తే ముందు ప్లగ్గులో నిప్పు వస్తోందా చూడాలి, తర్వాత పెట్రోల్ చూడాలి. ఎప్పుడూ అదే వరస. కానీ ఆ గురక వింటూ నిదానించడం ఆయన వల్ల కాలేదు. చూడకుండానే పాత ప్లగ్గు విప్పేసి, సంచిలోంచి కొత్తది తీసి బిగించాడు. లాగాడు. పేలింది. తనను తాను తిట్టుకుని, పాత ప్లగ్గుకు వైరు తగిలించి ఇంజన్‌కు ఆనించి లాగి చూశాడు. నిప్పు నీలంగా, గట్టిగా దూకింది. ప్లగ్గులో ఏ జబ్బూ లేదు. దాన్ని వరండా పిట్టగోడ మీద, అక్కడున్న ఉద్ధరిణి పక్కన పెట్టేశాడు.

“సామీ, ఒక గ్లాసు తెప్పా!”

యోగానంద స్టీలు గ్లాసు తెచ్చాడు. కార్బొరేటర్ కింది బోల్టు వదులు చేస్తే పెట్రోల్ గ్లాసులోకి కారింది. గ్లాసును పక్కకు వంచాడు. అడుగున పాదరసంలాగా నీటి బొట్లు దొర్లాయి. నీళ్ళు! పెట్రోల్లో ఇన్ని నీళ్ళు యాడివి? వానలు కూడా లేవు.

ట్యాంకు మూత తిప్పాడు. కింద జల్లెడలో నల్లబడిన ఆకులు ఇరుక్కుని ఉన్నాయి. వేలితో తీసి చూశాడు. తులసి.

“ఈ మూత ఎవురు తీస్తారు సామీ?”

“నేనేనప్పా. పెట్రోలు ఉండాదో లేదో దినమూ చూడమని అనిరుద్ధ చెప్పినాడు. పూజ అయినాక చూస్తాను. చూసి, లోపల ఒక ఉద్ధరిణెడు తీర్థం పోసి మూస్తాను.” పెద్దాయన గొంతులో చిన్న గర్వం. “ఆమె ఊపిరి దీంట్లోనే కదప్పా ఉండేది.”

కోదండరామ నాలుక చివరకు మాట వచ్చేసింది. అలవాటైన మాట, ఎంతమందికి చెప్పాడో. దాన్ని పళ్ళ మధ్యే పట్టుకుని, ఆకులను చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు తప్పు తేల్చే టైం కాదు.

జనరేటర్‌ను పక్కకు వంచి ట్యాంకులోదంతా కాలువలోకి గుమ్మరించాడు. భుజం మీది తువ్వాలు లోపలికి తోసి తుడిచాడు. మోపెడ్ పెట్రోల్ పైపు పీకి సీసాలోకి పట్టాడు. పైపు సన్నం. పెట్రోల్ నీళ్ళు రాని కొళాయిలాగా చుక్క చుక్క పడుతోంది. ఆయన మెడ మీద చెమట చల్లగా దిగింది.

లోపల ఏదో తేడా వచ్చింది. సిలిండర్ బుస ఆగిపోయింది.

“ముల్లు పడిపాయ కోదండా!”

“అయిపాయ సామీ, అయిపాయ. అమ్మను కొంచెం పైకెత్తి కూకోబెట్టు.”

సీసా సగం కూడా నిండలేదు. ఉన్నంత ట్యాంకులో పోశాడు. బోల్టు బిగించేటప్పుడు స్పానర్ జారి వేలి చర్మం లేచింది. లాగాడు. ఏమీ లేదు. లాగాడు. పేలింది. కిటికీలోంచి ఇప్పుడు గురక లేదు, నీళ్ళలోంచి పైకి తేలినవాళ్ళు గాలిని మింగే శబ్దం ఉంది. వెంకటరమణా అనుకున్నాడు. దేవుడి మీద పెద్దగా నమ్మకం లేని మనిషి, ఆ క్షణంలో గట్టిగానే అనుకున్నాడు. కాలు తన్నిపట్టి లాగాడు.

పట్టింది. ముందు తడబడి, కొంచెం పొగ కక్కి, తర్వాత ఒకే రాగంలో పడింది. లోపల ఆక్సిజన్ మిషన్ కీచుమని కూసి నడవడం మొదలుపెట్టింది. కోదండరామ వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

కొంతసేపటికి యోగానంద లోపలికి పిలిచాడు. పంకజమ్మ దిండ్లకు ఆనుకుని ఉంది. పెదవుల నీలం కొంచెం తగ్గింది. ఆమె కోదండరామను చూసి వేలు కదిపింది.

“ఈయప్పకు... కాఫీ ఇయ్యండి.”

“నాకేం వద్దులేమ్మా.”

“తాగు. శెట్టి ఇంట్లో పుట్టి... మొహమాటమేంది?”

ఆయనకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. యోగానంద గ్యాస్ పొయ్యి మీద చేతకాకుండా పెట్టిన కాఫీ తాగాడు. తర్వాత బయటికి వచ్చి, మోపెడ్‌లో మిగిలిన పెట్రోల్‌నూ జనరేటర్‌లో పోసి, పనిముట్లు తుడుచుకోసాగాడు. వెళ్ళిపోవచ్చు. కానీ ఇంజన్ మీద ఇంకా నమ్మకం చిక్కలేదు. కాసేపు చూసి పోదామనుకున్నాడు. అది మాత్రం చక్కగా నడుస్తోంది, ఒక్క దగ్గు లేదు.

ఎండ వరండాలోంచి దిగిపోయాక యోగానంద గుమ్మంలోకి వచ్చాడు. పైపంచె చేత్తో పట్టుకుని ఉన్నాడు.

“ఆపెయ్యప్పా.”

“ఎందుకు సామీ? బాగానే నడుస్తాండాది కదా.”

“ఇంక అవసరం లేదు. ఊరికే పెట్రోలు కాల్చేదెందుకు?”

కోదండరామకు అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. స్విచ్ తిప్పాడు. ఇంజన్ ఆగాక వీధిలో ఎవరిదో మేక అరుపు వినిపించింది. ఆయన లేచి లోపలికి వెళ్ళి, గడప దగ్గరే నిలబడి ఆమెకు దండం పెట్టి వచ్చాడు.

యోగానంద మెట్టు మీద కూర్చున్నాడు. జనరేటర్ వైపు తిరిగాడు.

“నిన్నటిదాకా బాగుండె. ఈ పొద్దే ఎందుకట్ల చేసింది కోదండా? నా చేతిలో యేమన్నా తప్పు జరిగిందా? నువ్వు దాచేవాడివి కాదు, చెప్పు.”

కోదండరామ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. సిలిండర్ ఆగినప్పటి నుంచి ఇంజన్ పట్టేదాకా ఆమె గాలి కోసం వెతుక్కుంది. ఆ కాసేపే ఆమెను తీసుకుపోయిందా, ఎటూ పోవలసిందేనా? ఆయనకు తెలియదు, ఏ మెకానిక్‌కూ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. తన నాయనకు గుండె నొప్పి వచ్చిన రోజు, గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టారు. ఇంకొంచెం ముందు తెచ్చింటే బతికేవాడు అన్నాడు డాక్టర్. కుర్ర డాక్టర్, అబద్ధం చెప్పలేదు. ఆ నిజంతో తన తల్లి ఎన్నేళ్ళు మంచం మీద అటూ ఇటూ దొర్లిందో పక్క గదిలోంచి విన్నాడు.

“ప్లగ్గు పోయింది సామీ.”

“ప్లగ్గా?”

“లోపల పగిలింది. కంపెనీలోనే అట్ల వస్తాయి కొన్ని. ఎప్పుడు పోతాదో ఎవురికీ తెలీదు. ఎవురి తప్పూ కాదు.”

పెద్దాయన ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత నెమ్మదిగా అరచెయ్యి చాచాడు. పోయిన సామాను చేతిలో పెడతాడని అందరిలాగే ఆయనకూ తెలుసు.

కోదండరామ గోడ మీది పాత ప్లగ్గు తీసి ఆ అరచేతిలో పెట్టాడు. వేళ్ళు ముడిచాడు.

“ఇంత చిన్నదా,” అన్నాడు యోగానంద. “నువ్వే చెప్తాండావు కాబట్టి సరే.” అప్పుడు మొదటిసారిగా గట్టిగా ఏడ్చాడు. కోదండరామ పక్కన కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేశాడు.

అనిరుద్ధ కారు వచ్చి ఆగింది. వెనక సీట్లో నిండు సిలిండర్. ఇరుగుపొరుగు చేరుతున్నారు. యోగానంద లేస్తూ ప్లగ్గును తిరిగి గోడ మీద పెట్టి కొడుకుకు ఎదురెళ్ళాడు. కోదండరామ గ్లాసులో మిగిలిన నీళ్ళను మట్టిలో పారబోసి, సంచి తీసుకుని బయటికి వచ్చాడు. మోపెడ్‌లో పెట్రోల్ లేదు. ఎవరినీ అడగబుద్ధి కాక గూళూరు వైపు తోసుకుంటూ నడిచాడు.

వరండా గోడ మీద, ఆరిపోయిన తీర్థపు ఉద్ధరిణి పక్కన, పింగాణీ మీద ఒక్క గీత కూడా లేని ప్లగ్గు అట్లాగే ఉండిపోయింది.