ఏడో లింకు

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. పళ్ళ డాక్టరు క్లినిక్ వెనక గదిలో, మైనంతో, ప్లాస్టర్ అచ్చులతో ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. ఊళ్ళో సగం మంది నేను చేసిన పళ్ళతోనే నవ్వుతారు గానీ నా మొహం ఎవరికీ తెలీదు. పొద్దున్నించి సాయంత్రం దాకా నోరు తెరుచుకున్న అచ్చులే నా ఎదురుగా ఉంటాయి. ఒక్కటీ పలకదు.

మా చెల్లి నాతో మాట్లాడి మూడేళ్ళయింది. అమ్మకి సీరియస్ అయిన రోజు నేను దానికి ఫోన్ చెయ్యలేదు. తేరుకుంటుందిలే, దాన్ని అనవసరంగా పరిగెత్తించడం దేనికి అనుకున్నాను. అది వచ్చేసరికి అంతా అయిపోయింది. "అన్నీ నువ్వే తేల్చేస్తావు కదా అక్కా!" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. తర్వాత రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోసారి చెయ్యడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది.

లైబ్రరీ పై అంతస్తులో వెబ్ పేజీల తయారీ నేర్పిస్తున్నారంటే చేరాను. ఇంటికి తొందరగా వెళ్ళి నేను ఉద్ధరించేది ఏమీ లేదు. టీచరు పాతికేళ్ళ పిల్ల. "ఆంటీ, ట్యాగంటే పేజీకి మనమిచ్చే గుర్తు. తెరిచినదాన్ని మళ్ళీ మూయాలి. మూయకపోతే ఒక్క మాట లావుగా రాద్దామనుకుంటే పేజీ చివరిదాకా లావైపోతుంది" అంది. "మా ఇంట్లో గొడవలూ అంతేనమ్మా" అన్నాను. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

శీర్షిక పెట్టడం, పేరాలు విడగొట్టడం, లింకు ఇవ్వడం వచ్చాక చెల్లి కోసం ఓ పేజీ చేశాను. అందులో ఏడు లింకులు. అమ్మ కుట్టుమిషను, అమ్మ తిట్లు, మేమిద్దరం ఒకే గొడుగు కోసం కొట్టుకోవడం, ఇలాంటివి ఆరు. ఆ ఆరూ మా ఇంటి కంప్యూటర్లోనే తెరిచి తప్పులు సరిచూసుకున్నాను. తర్వాత ఒక్కదాన్నే కూర్చుని ఏడోది చేర్చాను. 'ఆ రోజు నీకు ఎందుకు చెప్పలేదంటే' అని దాని పేరు. రాశానే గానీ తెరిచి చదువుకునే ధైర్యం లేకపోయింది. అడ్రసు చెల్లికి మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు.

క్లాసులో టీచరు ఓ మాట చెప్పింది. చూడని లింకు నీలంగా ఉంటుందట, చూశాక ఊదా రంగుకి మారుతుందట. ఎవరు చూశాక అని నేను అడగలేదు. ఇంటికెళ్ళి చూస్తే ఆరు లింకులు ఊదాగా ఉన్నాయి! చెల్లి చదివింది! ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఏడోది మాత్రం నీలంగానే ఉండిపోయింది. రోజూ పని నుంచి రాగానే చెప్పులైనా విడవకుండా కంప్యూటర్ తెరిచి చూసేదాన్ని. నాలుగు నెలలు గడిచాయి. అమ్మ తిట్లు చదువుకుని నవ్వుకోవడానికి తీరికుంది, నా గోడు వినడానికి లేదా అని ఒళ్ళు మండిపోయేది. ఆ కోపంతోనే ఒకరోజు టీచర్ని అడిగాను, ఆ రంగు మారాలంటే ఎన్నాళ్ళు పడుతుందని.

"అది మీ కంప్యూటరు గుర్తు పెట్టుకునే రంగు ఆంటీ. మీరు తెరిచినవే ఊదాగా కనిపిస్తాయి. మీ చెల్లెలు చూశారో లేదో దానికేం తెలుస్తుంది?"

తల కొట్టేసినట్టయింది. అంటే నాలుగు నెలలుగా చదవనిది నేనే. ఎవరూ లేని ఇంట్లో నాతో నేనే పోట్లాడుకున్నాను.

ఇంటికెళ్ళి ఏడో లింకు నొక్కాను. పేజీ లేదు అని వచ్చింది. మళ్ళీ నొక్కినా అదే. లింకు పెట్టాను గానీ దాని వెనక ఉండాల్సిన పేజీని నెట్‌లోకి పంపడమే మరిచిపోయాను. అది నా కంప్యూటర్లోనే పడి ఉంది, తెరిచాను. అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడ్చి, ఫోన్ చేశాను.

చెల్లి ఎత్తింది.

"ఆ ఏడోది ఎప్పుడు తెరుచుకుంటుందక్కా? రోజూ నొక్కి చూస్తూనే ఉన్నా" అంది.

నేను రాసుకున్న ఐదు పేరాలు స్క్రీన్ మీద ఉన్నాయి. అందులో నాలుగు నా సంజాయిషీలే. వాటి జోలికి పోలేదు.

"ఆ రోజు నీకు ఫోన్ చెయ్యాల్సింది. తప్పు నాదే" అన్నాను.

అవతల అది వెక్కివెక్కి ఏడుస్తోంది. ఊరుకోమని అనలేదు. వింటూ కూర్చున్నాను.