తిరుమల అడిగే మాట

నెలనెలా స్నేహితురాలు తిరుమలను దవాఖానకు తిప్పీ తిప్పీ సుహాసినికి ప్రాణం విసిగింది. ఆరేళ్లంటే మాటలా? అలాగని వదిలేస్తుందా? కొత్తవాడలో ఇద్దరూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జంపఖానాలు నేస్తారు. ఒకరి చెయ్యి ఆగితే రెండోవాళ్ల పనీ ఆగినట్టే.

తిరుమలకు ఎవరూ లేనిచోట మాటలు వినబడతాయి. డాక్టరమ్మ మొదట్లోనే ఒక దారి చెప్పింది. అనుమానం వస్తే నమ్మకమున్న మనిషిని ఒక్కరిని అడుగు, వాళ్లు చెప్పిందే ఖాయం అనుకో అంది. ఆ ఒక్క మనిషీ సుహాసిని అయింది. నీకు గూడ ఇనబడుతాందా అని తిరుమల రోజుకు పదిసార్లు అడిగేది. సుహాసిని ఏనాడూ అబద్ధం చెప్పలేదు, మొన్నటిదాకా.

మొన్న టీవీలో కొత్త కామెడీ వచ్చింది. ఇద్దరు స్నేహితురాళ్లు, అందులో ఒకామెకు మతి నిలకడ లేదు. ఆమె, టీవీలో వార్తలు చదివే అమ్మాయికి పళ్లెంలో అన్నం పెట్టి, టీవీ ముందుకు జరిపి, పొద్దటి నుంచి మాట్లాడుతున్నవ్, జర తిను బిడ్డా అని బతిమాలుతుంది. వాడంతా పడీ పడీ నవ్వింది. తిరుమల మాత్రం కదల్లేదు. అది ఒకప్పుడు తను చేసిన పనే. అప్పుడు చూసింది సుహాసిని ఒక్కతే.

"సుహా, అది నా ముచ్చటేనా?"

"కాదే. అంత నీ భ్రమనే."

ఏం చెబుతుంది మరి! హైదరాబాదులో టీవీలకు రాసే మేనబావ భానుచందర్‌కు ఓ పెళ్లిలో ఆ ముచ్చట చెప్పింది తనే. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఆ ఒక్కపూట ఒళ్లు తేలికైంది. ఇంత పని చేస్తాడని కలగన్నదా?

ఇవాళ డాక్టరమ్మ ముందు తిరుమల ఆ సంగతే ఎత్తింది, టీవీలో తన గురించే చూపిస్తున్నారని. డాక్టరమ్మ నిట్టూర్చి, మందు పెంచుదామంటూ కలం తీసింది. పెంచితే చేతులు వణుకుతాయి. నిరుడు పెంచినప్పుడు ఎనిమిది నెలలు మగ్గం ఎక్కలేదు. మళ్లీ కూర్చుని రెండు నెలలే అయింది.

నోరు మూసుకుంటే సుహాసిని పరువు దక్కేది. కానీ తన మీద తనకే రోత పుట్టింది.

"రాయకుండ్రి మేడం. ఆమె చెప్పేది నిజమే. ఆ ముచ్చట బయట చెప్పింది నేనే. మొన్న అడిగితే గూడ అబద్ధం చెప్పిన."

డాక్టరమ్మ ఇద్దరినీ చూసి పాత మందే రాసింది. తిరుమల ఆ చీటీ తనే అందుకుని కొంగున ముడేసుకుంది. నాలుగు తిట్టినా బాగుండునని సుహాసినికి అనిపించింది.

గేటు దాటుతుంటే దూరం నుంచి మైకులో ఎవరో పిలుస్తున్న చప్పుడు. తిరుమల ఆగింది. అలవాటు కొద్దీ సుహాసిని అటు తిరిగి, నాకూ వినబడుతోందని చెప్పబోయింది. తిరుమల ఆమెను దాటుకుని, మక్కకంకులు కాల్చే ముసలామె ముందుకు పోయి నిలబడింది.

"అవ్వా, మైకు నీకు గూడ ఇనబడుతాందా?"

వినబడుతోంది బిడ్డా, పాత ఇనుము కొనే ఆటో అంది అవ్వ, కంకి తిప్పుతూ. ఆరేళ్లు ఆ మాట వినీ వినీ విసిగిన సుహాసిని, ఇవాళ ఎవరూ అడగకుండానే, నాకూ వినబడుతోందని తనలో తను చెప్పుకుంది.