నొక్కుడు డబ్బా

అల్లుడికి కొత్త పిచ్చి పట్టిందని ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియనివ్వకుండా ఉండడానికి పడ్డ పాట్లలో సగం గిటారు మీద పడి ఉంటే, ఈపాటికి ఒక్క పాటైనా వచ్చేది.

దాచడానికి కారణం లేకపోలేదు. ఇంతకు ముందు పరుగెత్తుతానని బూట్లు కొన్నాడు, అవి అటకెక్కాయి. ఫొటోలు తీస్తానని కెమెరా కొన్నాడు, అది బీరువాలో చీరల కింద నిద్రపోతోంది. ఈత నేర్చుకుంటానని వెళ్ళి, చెవిలోకి నీళ్ళు పోయి, మూలుగుతూ తిరిగొచ్చాడు. "మీవన్నీ మూణ్ణాళ్ళ ముచ్చట్లేనండీ" అని భార్య నవ్వుతూనే అంటుంది. ఆ నవ్వే అతనికి గుచ్చుకుంటుంది. అందుకే ఈసారి గిటారును ఇంటికి తేలేదు. తాను పనిచేసే కళ్ళద్దాల షాపు వెనకగదిలో, ఖాళీ డబ్బాల చాటున పెట్టి, మధ్యాహ్నం షట్టరు సగం దించిన వేళ తీసి వాయించేవాడు. వాయించేవాడు అనడం మన మర్యాద.

పొద్దస్తమానం ఫ్రేములకు చీమంత మరలు బిగించే వేళ్ళవి. పని తెలిసిన వేళ్ళే. కానీ ఎడమచెయ్యి గిటారు మెడ మీదికి వెళ్ళేసరికి వాటికి ఎక్కడ లేని నీరసం వచ్చేది. తీగ గట్టిగా నొక్కకపోతే మోగదు, టప్పుమంటుంది. చూపుడువేలు అడ్డంగా పరిచి ఆరు తీగలూ ఒకేసారి నొక్కమంటే, రెండు మోగితే ఆరోజు పండగ. "సార్, మీ చిటికెనవేలు సెలవు పెట్టిందా?" అని అడిగింది గిటారు టీచరు. ఆమె వయసు అతని వయసులో సగం. అతనికి చెవులు ఎర్రబడ్డాయి.

"బలం సంగతి వదిలెయ్యండి సార్. బొటనవేలు మెడ వెనక సరిగ్గా ఆనించి, రోజూ కాసేపు మెల్లగా చెయ్యండి. వేళ్ళు వాటంతటవే గట్టిపడతాయి" అని కూడా చెప్పింది. విన్నాడా? వినలేదు. మెల్లగా అన్న మాట ఆ బుర్రకెక్కితే బూట్లు అటకెందుకెక్కుతాయి? అతనికి బలం కావాలి, అదీ వెంటనే కావాలి. వెతికితే అది ఇంట్లోనే దొరికింది, మామగారి మంచం పక్కన.

మామగారు టైలరు. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయినప్పటి నుంచి కూతురింట్లో ఉంటున్నారు. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, చెయ్యి ఒక్కటే రావాలి. ఆయన టైలరింగ్ షాపును ఆయన దగ్గరే పని నేర్చుకున్న బొత్తాలు అనే అతను చూసుకుంటున్నాడు. చేరిన కొత్తలో చొక్కాలకు బొత్తాలు కుట్టేవాడు కాబట్టి ఆ పేరు. జుట్టు నెరిసినా పేరు వదల్లేదు. మామగారి పెద్ద కత్తెర మాత్రం ఇక్కడే, ఆయన దిండు దగ్గరే ఉండేది. "కుట్టడం ఎవడైనా కుడతాడు. గుడ్డ కత్తిరించేవాడే టైలరు" అనేవారు. ఆ కత్తెర పట్టుకుని మళ్ళీ తన బల్ల ముందు నిలబడాలి. ఆయన బతుకులో ఇక మిగిలిన కోరిక అదే.

దానికోసం, ఇంటికొచ్చి చేతికి వ్యాయామం చేయించే ఫిజియో ఒక పరికరం ఇచ్చింది. నాలుగు వేళ్ళకు నాలుగు మీటలు, వాటి కింద స్ప్రింగులు, పక్కన ఒక మర. మర బిగిస్తే మీటలు గట్టిపడతాయి, వదులు చేస్తే తేలికపడతాయి. ఆ మర తిప్పే అధికారం ఫిజియోదే. ఆవిడ వచ్చినప్పుడు ఒక పిసరు బిగించి వెళ్ళేది. మామగారు పొద్దున్నా సాయంత్రమూ పళ్ళు బిగపట్టి నొక్కేవారు. ఇంట్లో దానికి నొక్కుడు డబ్బా అని పేరు పడింది.

అల్లుడు తెల్లవారగానే దాన్ని తువ్వాల్లో చుట్టుకుని బాత్రూములోకి పోయేవాడు. అక్కడ మరను బిగించగలిగినంత బిగించి, ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కేదాకా నొక్కేవాడు. "ఏమండీ, కడుపు బాగాలేదా? డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అని భార్య తలుపు తట్టేది. బయటికొచ్చే ముందు మరను మళ్ళీ పాత చోటుకు తిప్పి, డబ్బాను యథాస్థానంలో పెట్టేసేవాడు. ఒకరోజు షాపుకు ఆలస్యమైంది. హడావుడిలో మర తిప్పలేదు.

ఆరోజు మామగారు మీటలు నొక్కితే ఒక్కటీ కదల్లేదు. కాసేపాగి మళ్ళీ నొక్కారు. చేతిని మోకాలి మీద పెట్టుకుని, ఒళ్ళంతా వంచి నొక్కారు. నిన్నటిదాకా పళ్ళు బిగపట్టి నొక్కితే చూపుడువేలికి దిగిన మీట ఇప్పుడు రాయిలా ఉంది. ఎవరికీ చెప్పలేదు. డబ్బాను కిటికీలో పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నారు. సాయంత్రం "నాన్నా, ఇవాళ చెయ్యలేదేం?" అని కూతురు అడిగితే "చేసిన కాడికి చాల్లేమ్మా" అన్నారు.

మర్నాడు తెల్లవారుతూనే, అల్లుడు డబ్బా తీసుకునే లోపే, బొత్తాలును పిలిపించి కత్తెర చేతిలో పెట్టారు. అతను పుచ్చుకోనని చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"మీకు నయమయ్యాక మీరే పట్టుకుందురు గాని మాస్టారూ."

"నాకు నయమైందిరా. ఇంతే నయం. తీసుకో."

బొత్తాలు ఏడ్చేశాడు. కూతురు చెంగు నోట్లో కుక్కుకుంది. అల్లుడు ఎటు చూడాలో తెలియక కిటికీవైపు చూశాడు, చెయ్యి ఖాళీగా ఉండలేక డబ్బా మీద వేశాడు, మీట నొక్కాడు. అది కదల్లేదు. నిన్న మర వెనక్కి తిప్పలేదని గుర్తొచ్చింది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. మామయ్యా, మర నేను బిగించాను, అంటే సరిపోయేది. కానీ వెంటనే ఎందుకని అడుగుతారు. నెరిసిన తలతో ఒకడు ఏడుస్తుంటే, కట్టుకున్నది కళ్ళు తుడుచుకుంటుంటే, గిటారు కోసం అని ఎలా చెప్పడం? కత్తెర గడప దాటుతుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత అతను చేసింది మరీ ఘోరం. ఎవరూ చూడకుండా మర వదులు చేశాడు. పాత చోటు ఎక్కడో ఆ కంగారులో గుర్తు రాలేదు. బిగువుగా ఉండడం కంటే వదులుగా ఉండడం మేలు కదా అని ఇంకాస్త తిప్పాడు. అప్పటికీ మనసు కుదుటపడక మరికాస్త తిప్పాడు. ఆ తర్వాత మామగారి ముందు కూర్చుని బతిమాలాడు.

"ఒక్కసారి నొక్కండి మామయ్యా. నాకోసం."

ఆయన విసుగ్గానే నొక్కారు. నాలుగు మీటలూ దిగాయి. ఇన్నాళ్ళూ ఉలుకూ పలుకూ లేని చిటికెనవేలు కూడా తన మీట దించింది. ఆయన తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. "అమ్మాయ్! ఇలా రా!" అని కేకేశారు. కూతురు పరుగెత్తుకొచ్చింది. చూసింది, తండ్రి చేతిని కళ్ళకద్దుకుంది, మొగుడి భుజం మీద తలపెట్టి "మీరు పట్టుబట్టబట్టే కదండీ" అంది. పెళ్ళయ్యాక ఆమె అతన్ని అంత గౌరవంగా చూడడం అదే మొదలు. అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"షాపుకు పోదాం పద అల్లుడూ" అన్నారు మామగారు.

"రెండు రోజులాగి వెళ్దాం మామయ్యా."

"ఇప్పటిదాకా నొక్కమని ప్రాణం తీశావు. ఇప్పుడు ఆగమంటావేం?"

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. ఆయన్ని చూడగానే మిషన్లు ఆగాయి. బొత్తాలు బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెరను రెండు చేతులా అందించాడు. కుట్టేవాళ్ళంతా లేచి నిలబడ్డారు. మామగారు కత్తెర కన్నాల్లోకి వేళ్ళు దూర్చి ఎత్తారు. అది ఒకసారి నోరు తెరుచుకుంది. ముయ్యడానికి ఆయన వేళ్ళకు సత్తువ చాల్లేదు. మణికట్టు వాలిపోయింది. కత్తెర మొన గీత దాటి ఎవరిదో కొత్త గుడ్డను అడ్డంగా చీల్చి బల్ల మీద పడింది.

ఒకతను దారం ఎక్కించుకుంటున్నట్టు సూది పైకెత్తి చూశాడు. మామగారు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, దొంగసొత్తు దాచినట్టు బల్ల కిందికి తీసుకున్నారు.

"ఎవరిదిరా గుడ్డ?"

"ఫర్లేదు మాస్టారూ. నేను చూసుకుంటాను."

"క్షమించమని చెప్పు."

తన షాపులో తన పనివాళ్ళ ముందు ఆయన ఆ మాట అన్నారు. మెట్లు దిగాక, రోడ్డు పక్కనే, అల్లుడు ఇక ఒక్క అడుగు వెయ్యలేక ఆగిపోయి మొత్తం చెప్పేశాడు. గిటారు, బాత్రూము, బిగించిన మర, వదులు చేసిన మర, అన్నీ.

మామగారు వెనక్కి వచ్చి కిందిమెట్టు మీద కూర్చున్నారు.

"గిటారా?" అన్నారు.

"అవును మామయ్యా."

"వచ్చిందా?"

"రాలేదు."

ఆయన తల ఊపారు. "బొత్తాలుకు కత్తెర ఇచ్చేటప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"ముందు బిగించావు. అది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. తర్వాత వదులు చేశావు చూడు..." ఆయన ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి చూపించారు. "పసివాణ్ణి ఆడించినట్టు ఆడించావు నన్ను."

ఆయన తిట్టి ఉంటే బాగుండేదని అల్లుడు ఇంటికి చేరేదాకా అనుకుంటూనే ఉన్నాడు. ఇంట్లో భార్యకు కూడా తనే చెప్పాడు. మూణ్ణాళ్ళ ముచ్చట అంటుందని ఎదురుచూశాడు. ఆమె అనలేదు. నవ్వనూ లేదు. తండ్రికి మంచినీళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఫిజియో వచ్చి మర తిప్పి చూసి, ఉండాల్సిన చోట నిలిపింది. అల్లుడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. మామగారు డబ్బా అందుకున్నారు. చూపుడువేలు మీట సగం దిగింది. ఊపిరి బిగబట్టి నొక్కారు. పూర్తిగా దిగింది.

ఆయన సంతోషించలేదు. తల తిప్పి అల్లుడివైపు చూశారు.

"ఇప్పుడు నొక్కింది నేనేనా, నువ్వా?"

"మీరే మామయ్యా. ఒట్టు."

మామగారు ఆ మాట విన్నారు. విని ఫిజియో వైపు తిరిగారు.

"నిజమేనామ్మా?"

ఆవిడ అవునంది. అప్పుడు ఆయన రెండో వేలు మీట మీద పెట్టారు.