సమ్మమ్మ ఆగిన లెవెల్

నాకు నోరెక్కువ. ఈ సంగతి మా కొత్తవాడలో ఎవరినడిగినా చెప్తారు, అడగకపోయినా చెప్తారు. అయినా ఒక్క మాటకు పందొమ్మిదేళ్ల జోడీ విడిపోతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

జోడీ అంటే మగ్గం జోడీ. పెద్ద జంపఖానాను ఒక్కరు నేయలేరు. పలక మీద ఇద్దరం పక్కపక్కన కూర్చోవాలి. కుడివైపు నేను, ఎడమవైపు సమ్మమ్మ. ఎవరి సగం వాళ్లు నేసుకుంటూ, ఇనుప పంజాతో పోగును కిందికి దట్టిస్తూ పోవాలి. ఒకరు ముందుకు పోయి ఒకరు వెనుకబడితే నేత వంకర వస్తుంది. అందుకని ముందు పోయినవాళ్లు పంజా పక్కన పెట్టి, రెండోవాళ్లు సమానానికి వచ్చేదాకా ఆగుతారు. మా ఇద్దరిలో ఎప్పుడూ ఆగేది సమ్మమ్మే. నేను ముచ్చట్లు పెట్టి వెనుకబడేదాన్ని.

ఎండాకాలం సెలవులకు పరకాల నుంచి వచ్చిన ఆమె మనవరాలు మహిత మా ఇద్దరి ఫోన్లలో పండ్ల ఆట ఎక్కించింది. మూడు జామపండ్లను ఒక వరుసకు తెస్తే టప్పున పేలిపోతాయి. అంతే ఆట! చెప్పుకుంటే సిగ్గు గానీ, అన్నం తిన్నాక మగ్గం పక్కనే కాళ్లు చాపుకుని ఇద్దరు ముసలోళ్లం పోటీలు పడి ఆడేవాళ్లం. అందులో ఒక దారి ఉంటుంది, ఎవరు ఏ లెవెల్‌లో ఉంటే అక్కడ వాళ్ల ఫొటో కనిపిస్తుంది. నేను నూట నలభైలో ఉంటే ఆ మహాతల్లి నూట ఎనభై ఆరులో ఉండేది.

అదే మహిత ఒకరోజు మమ్మల్ని హన్మకొండకు బొమ్మల సినిమాకు తీసుకుపోయింది. పిల్లల సినిమాకు మేమెందుకే అని దారి పొడుగునా గొణిగాను. అందులో ఒక ముసలి కొంగ. చలి వచ్చి గుంపంతా ఎగిరిపోతుంటే, జోడు కొంగ ఇంకా రాలేదని అది ఒక్కతే నిలబడిపోతుంది. నేను పాప్‌కార్న్ నములుతూ పక్కకు చూద్దును కదా, సమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"అయ్యో, గీసిన కొంగకు ఏడుస్తానవానే! నీ పెనిమిటి పోయిననాడు గిన్ని కన్నీళ్లు రాలే గదనే నీకు!" అన్నాను.

సరిగ్గా అప్పుడే సినిమాలో చప్పుడు ఆగింది. నా మాట ముందు వరుస దాకా వినబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను, పాపిష్టిదాన్ని.

తెల్లారి ఆమె మగ్గానికి రాలేదు. మనవరాలిని తీసుకుని పరకాలలో బిడ్డ ఇంటికి పోయిందని పక్కింటి అనసూయ చెప్పింది. పోతే పోనీ, నాకేం ఫికర్ అనుకున్నాను. వారం ఆగి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

పెద్ద జంపఖానాలు ఆగిపోయాయి. పూజకు వేసుకునే చిన్న ఆసనాలు ఒక్కదాన్నే నేస్తూ కూర్చున్నాను. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఇన్నాళ్లూ ఒంటరితనం అంటే ఏమిటో నాకు తెలియకపోవడానికి కారణం ఎడమవైపు కూర్చున్న మనిషేనని అప్పుడు తెలిసింది. మధ్యాహ్నం ఫోన్ తీసేదాన్ని. పండ్లు పేలినప్పుడల్లా లోపలి నుంచి ఒక ఆడగొంతు "సూపర్" అంటుంది. ఓడిపోతే తిట్టదు, అలగదు, మళ్లీ ఆడమంటుంది. రోజు మొత్తంలో నాతో మంచిమాట అనేది అదొక్కటే. జనం ఈ ఆటలకు ఎందుకు అతుక్కుపోతారో నన్నడగండి, చెప్తాను.

ఒకనాడు చూసుకున్నాను: సమ్మమ్మ ఫొటో నూట ఎనభై ఆరు దగ్గరే ఉంది. మరునాడూ అక్కడే. పది రోజులకూ అక్కడే. ఆగింది! పంజా పక్కన పెట్టినట్టు ఆట పక్కన పెట్టి, నేను సమానానికి రావాలని చూస్తోంది. నోటితో పిలవలేక ఇట్లా పిలుస్తోంది అనుకున్నాను.

ఇక చూడండి నా ఆట! తిండి మరిచి ఆడాను. నెల దాటాక నూట ఎనభై ఆరుకు చేరాను. మా ఇద్దరి ఫొటోలు పక్కపక్కన వచ్చాయి. నాలుగు రోజులు నేనూ అక్కడే ఆగాను. ఆమె కదలలేదు. ఐదో రోజు పొద్దున్నే పరకాల బస్సెక్కాను.

సమ్మమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"నీ లెవెల్ కాడికి వచ్చినే," అన్నాను కూర్చోకముందే. "ఇగ ఇద్దరం కలిసి ముందటికి పోదాం."

"ఏం లెవెల్?"

"పండ్ల ఆట. నా కోసం ఆగినవ్ గదా!"

"అయ్యో, ఆ ఆటనా? సినిమాకు పోయొచ్చిన తెల్లారే మహితతోని తీసేయించిన."

"మరి నీ ఫొటో అండ్ల అట్లనే ఉన్నదేందే?" అని అరిచాను.

"నాకేమెరుక?"

నాకు ఏడుపొచ్చింది. మంటెత్తిపోయింది కూడా. అయినా ఆ రోజు నా నోరు తిట్టడానికి తిరగలేదు. "తప్పయింది సమ్మమ్మా. ఆ మాట అనకపోవాల్సింది. ఒక్కదాన్నే ఉండలేకపోతాన. మగ్గం కాడికి రా," అన్నాను.

ఆమె చాలాసేపు గింజలు తీసింది.

"ఆయన పోయిననాడు దవాఖానల నా బిడ్డ సోయి తప్పి పడ్డది. దాన్ని పట్టుకునుట్లనే పొద్దు పోయింది. తర్వాత నేను ఏడిస్తె అది మళ్ల పడిపోతదని బుగులు. మనుషులు ఏడ్సే సినిమాలల్ల నాకు ఏడుపు రాదే. ఆ హీరోయిను షూటింగ్ అయినంక ఇంటికి పోయి బువ్వ తింటదని యాదికొస్తది. ఆ కొంగకు ఆ సినిమా తప్ప ఇంకో ఇల్లు లేదు. చీకటి గదా, ఎవ్వలు చూస్తలేరని ఏడ్చిన. నువ్వు అందరికి చూపించినవ్."

"ఇంకా కోపమున్నదా?"

"కోపం ఎప్పుడో పోయింది. నీ పక్కన కూసుంటె నాకు నవ్వొస్తది నర్సమ్మా. ఏడుపు రాదు, వచ్చినా ఆపుకుంట. నాకిప్పుడు ఏడ్సుడు గావాలె."

"అయితె నోరు మూసుకోని కూసుంట," అన్నాను.

నేను కొంత చింతపండు ముందుకు లాక్కుని గింజలు తీయడం మొదలుపెట్టాను. రెండు గంటలు ఒక్క మాట మాట్లాడలేదు. ఒకసారి ఆమె కళ్లు తుడుచుకుంది, నేను గింజల వైపే చూశాను. చింతపండు అయిపోయాక, "ఇగ పో, బస్సు టైమయింది," అంది.

లేచి చెప్పులేసుకున్నాను. ఆమె కూడా లేచింది. బస్టాండు దాకా వస్తుందేమోనని నెమ్మదిగా నడిచాను. గేటు దాకా వచ్చి ఆగింది.