ఖాళీ చేతుల సర్వరు

అనీబల్‌ని ఏదడిగినా జవాబు నాలిక చివరే ఉంటుంది. అందుకే యజమాని దోన్ ఎలాదియోకి ఏ అనుమానం వచ్చినా నేరుగా అతని బల్ల దగ్గరికే వస్తాడు. పక్క బల్ల జునీల్దాది. ఏభై దాటిన మనిషి. ఆవిడని అడిగితే "చూసి చెప్తాను" అంటుంది. నిజంగానే చూస్తుంది, నిజంగానే చెప్తుంది, కానీ అప్పటికి దోన్ ఎలాదియో ఓపిక కాస్తా అయిపోతుంది.

పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో వాళ్ళది చిన్న కంపెనీ. ఆ ఏడు హార్ప్ ఉత్సవానికి టికెట్లు అమ్మే వెబ్‌సైట్ వాళ్ళకి దక్కింది. అమ్మకాల ప్రోగ్రాం జునీల్దా రాసింది. అది నాలుగు సర్వర్ల మీద నడుస్తుంది. ఆ నాలుగింటి ముందు నిలబడి, వచ్చిన జనాన్ని వాటికి పంచే రివర్స్ ప్రాక్సీ అనీబల్ సృష్టి. ఆఫీసులో అందరూ దాన్ని గుమాస్తా అనేవారు. గుమాస్తాకి అతను నేర్పింది ఒకటే: ఎవరి చేతిలో పని తక్కువుంటే వాళ్ళ దగ్గరికి పంపు. ఇంత తెలివి ఎలా వచ్చిందా అని తనకి తనే మురిసిపోయాడు.

అమ్మకం తెరిచిన రోజే సైటు కుప్పకూలింది. ఎవరు మీట నొక్కినా "క్షమించండి" అన్న పేజీయే. దోన్ ఎలాదియో అందర్నీ గదిలోకి పిలిచాడు.

"ఏమైందోయ్ అనీబల్?"

"నా గుమాస్తా భేషుగ్గా ఉన్నాడండీ. అక్క ప్రోగ్రామే బరువు మోయలేకపోయింది."

ఏమీ చూడకుండానే అనేశాడు. ఆడలేనివాడు మద్దెల ఓడు అన్నట్టు.

"మీరేమంటారు సెన్యోరా?" జునీల్దా వైపు తిరిగాడు దోన్ ఎలాదియో.

"చూసి చెప్తానండి."

"ఇంకా ఏం చూస్తారమ్మా, కొంప మునిగాక! రేపు మధ్యాహ్నం మళ్ళీ తెరుస్తున్నాం. ఈ ఒక్క అమ్మకం కానివ్వండి. తర్వాత ఆ ప్రోగ్రాం మన కుర్రాడు విల్‌ఫ్రీదో చూసుకుంటాడు."

జునీల్దా తలూపింది. ఏళ్ళ తరబడి రాసిన ప్రోగ్రాం అది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే తెరెరె వేళయింది; అందరూ ఒకే గ్లాసులో వంతులవారీగా తాగే చల్లటి ఆకు తేనీరు అది. కొమ్ము గ్లాసులో ఆకు దట్టించి, ఐసునీళ్ళు పోసి వరసగా అందించేది ఎప్పుడూ జునీల్దాయే. గొట్టంతో అడుగంటా పీల్చి, గరగరమని చప్పుడయ్యాక తిరిగివ్వాలి. ఆ రోజు విల్‌ఫ్రీదో అందుకున్న మరుక్షణమే తిరిగిచ్చేశాడు.

"అప్పుడే తాగేశావా?" గ్లాసులోకి చూసింది జునీల్దా. "నీళ్ళన్నీ ఇలాగే ఉన్నాయి కదరా దొంగా!"

"కడుపులో బాలేదక్కా."

"ఆ ముక్క చెప్పి ఇవ్వు. తొందరగా ఇచ్చినవాడల్లా తాగినట్టేనా?"

అందరూ నవ్వారు. అనీబల్ నవ్వు సగంలో ఆగిపోయింది. గబగబా స్క్రీన్ తెరిచి నిన్నటి లెక్కలు చూశాడు. మూడో సర్వరుకి టికెట్ల లెక్కలుండే డేటాబేస్‌తో సంబంధం తెగిపోయింది. వచ్చినవాళ్ళని వచ్చినట్టే "క్షమించండి" అని తరిమేసింది. తరిమేశాక దాని చేతులు ఖాళీ. చేతులు ఖాళీగా కనబడేసరికి గుమాస్తా ఊరి జనాన్నంతా దాని మీదికే తోలాడు. పనిచేసే మూడూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాయి. జునీల్దా ప్రోగ్రాంలో ఏ లోపమూ లేదు.

"నీ వంతు, అబ్బాయ్," అంటూ జునీల్దా గ్లాసు చాపింది.

తీసుకున్నాడు. అడుగంటా పీల్చి తిరిగిచ్చాడు. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

తర్వాత తేలు కుట్టిన దొంగలా గుమాస్తాని సరిచేశాడు. ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయని ఒక్కటే కాదు, ఏం జవాబిచ్చారో కూడా చూడమని నేర్పాడు. మధ్యాహ్నం అమ్మకం తెరిస్తే టికెట్లన్నీ నిమిషాల్లో చెల్లిపోయాయి.

"చూశారా! ప్రోగ్రాం విల్‌ఫ్రీదోకి ఇస్తాననేసరికే దారికొచ్చింది," అన్నాడు దోన్ ఎలాదియో అందరి ముందూ. "లోపం ఎక్కడుందో నిన్ననే కనిపెట్టాడు మన అనీబల్."

అనీబల్‌కి తల తీసేసినట్టయింది. "తప్పు నాదండీ," అన్నాడు.

దోన్ ఎలాదియో పకపకా నవ్వి భుజం తట్టాడు. "పెద్దావిడ మీద మాట పడనివ్వడు! ఎంత మంచి మనసురా నీది!"

తప్పించుకోవడానికి అంతకన్నా మంచి దారి దొరకదు. నోరు మూసుకుంటే చాలు, మంచివాడన్న పేరు కూడా మిగులుతుంది. ఒక్క క్షణం దానికీ ఆశపడ్డాడు. ఆశపడ్డందుకు తన మీద తనకే రోత పుట్టింది. స్క్రీన్ అందరివైపూ తిప్పి, మూడో సర్వరు సంగతి మొదటినుంచీ చెప్పాడు. దోన్ ఎలాదియో చెయ్యి భుజం మీంచి మెల్లగా జారిపోయింది.

"ప్రోగ్రాం మీ దగ్గరే ఉంచండి సెన్యోరా," అన్నాడు నీళ్ళు నములుతూ.

"వద్దండి." మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది జునీల్దా. "చూసి చెప్తానన్నాను కదా. రాత్రే చూశాను. పొద్దున వీడి మొహం చూస్తే వీడికీ తెలిసిందని అర్థమైంది. చెప్తాడని కాచుక్కూచున్నాను."

"అక్కా, నన్ను..."

"తప్పు ఎవరైనా చేస్తారు, అబ్బాయ్. తెలిశాక కూడా నా చేత నీళ్ళు పోయించుకుని తాగావు చూడూ, అదే మింగుడు పడటం లేదు."

మర్నాడు జునీల్దా బల్ల ఖాళీ. తెరెరె వేళకి అనీబల్ తనే గ్లాసు తెచ్చాడు. ఆకు దట్టించి, నీళ్ళు పోసి, ముందుగా విల్‌ఫ్రీదోకి చాపాడు. విల్‌ఫ్రీదో గ్లాసు ముట్టుకోలేదు. "గ్రాసియాస్," అన్నాడు. మామూలుగా అది థాంక్స్ చెప్పే మాటే, కానీ తెరెరె దగ్గర ఆ మాటంటే ఇక నాకు పోయొద్దని. అనీబల్ పక్కవాడికి చాపాడు. వాడూ అదే మాటన్నాడు.