పది నంబరు ఆకు

నేను ఒక గేజును. చాకులా మడత పెట్టి ఉంటాను గానీ నాతో ఉల్లిపాయ కూడా తెగదు. నాలో పన్నెండు పల్చటి ఉక్కు ఆకులు. ఒక్కోదానిది ఒక్కో మందం, నంబరు దాని మీదే చెక్కి ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ మందం పెరుగుతుంది. కారు ఇంజన్లో వాల్వుకీ, దాన్ని నొక్కే రాకర్‌కీ నడుమ వెంట్రుకంత సందు ఉండాలి. అది కొలవడానికే పుట్టాను. ఎక్కడ పుట్టానో గుర్తులేదు. రాజమండ్రిలో బుల్లెయ్య మేస్త్రి చేతిలో పడ్డాకే నాకు బతుకంటూ వచ్చింది.

ఇరవై ఆరేళ్లు! పాత ఇంజను విప్పి, వాల్వులు నూరి, మళ్లీ బిగించాక నన్ను తీసేవాడు. ఆకును సందులో పెట్టి లాగితే, కొత్త చీర మడతలోంచి కాగితం వచ్చినట్టు రావాలి. “వేడెక్కితే ఉక్కు సాగుద్దండి, చోటివ్వాలి. టక్‌టక్‌మంటే అననివ్వండి, మూగదైతేనే భయం” అనేవాడు. పనయ్యాక తుడిచి జేబులో పెట్టుకునేవాడు. ఎంత మురిసిపోయేదాన్నో, పిచ్చిదాన్ని!

ఒకసారి బుల్లెయ్య బావమరిది సూరిబాబు తన పాత కారు అమ్మకానికి పెట్టాడు. త్రిమూర్తులు కొంటానన్నాడు. ఇరవై ఏళ్లు ఊళ్లోవాళ్ల కార్లు తోలిన డ్రైవరు. ఉన్న ఉద్యోగం పోయి, టాక్సీ తిప్పుకుంటేనే ఇల్లు గడిచే పరిస్థితి. బుల్లెయ్య ఇంజనంతా బాగుచేసి, పది నంబరు ఆకుతో సందులు సరిచేశాడు. రాకర్లు అరిగిపోయాయి కాబట్టి చప్పుడు మాత్రం పోలేదు. అవి మార్చమంటే సూరిబాబు మొహం మాడ్చుకున్నాడు.

“ఈ మోతకి ఎవడు కొంటాడు బావా? ఆ సందు కాస్త బిగించెయ్, నోరు మూసుకుంటది.”

బుల్లెయ్య కాసేపు తల గోక్కుని, బిగించేశాడు. ఇంజను నిజంగానే నోరు మూసుకుంది.

“ఒక్కసారి ఆకు పెట్టి చూపించండి మేస్త్రిగారూ, నమ్మకం లేక కాదండి” అన్నాడు బండి చూసుకోడానికొచ్చిన త్రిమూర్తులు. హమ్మయ్య, ఇప్పుడు నిజం చెప్పేది నేనే గదా అనుకున్నాను. బుల్లెయ్య నాలోంచి ఆరు నంబరు ఆకు తీశాడు. నంబరు మీద బొటనవేలు ఆన్చాడు. ఆకు చక్కగా జారింది. “పదేనండి, చూసుకోండి” అన్నాడు. నాకే నోరుంటే షెడ్డు దద్దరిల్లేలా అరిచేదాన్ని! అన్నేళ్ల సావాసాన్ని ఆ వేలితో తొక్కేశాడు.

అతను కారు కొని రెండు నెలలు తిరక్కుండానే, ఘాటీ ఎక్కుతుండగా ఇంజను చచ్చింది. సందు చాలక వాల్వు పూర్తిగా మూసుకోలేదు. మంట దాన్ని తినేసింది. లాక్కొచ్చిన బండి పక్కన త్రిమూర్తులు నిలబడ్డాడు.

“ఈ వయసులో నాకెవరిస్తారండీ ఉద్యోగం? అసలు పొరపాటు ఎక్కడైందంటారు?”

కోపం లేదు ఆ గొంతులో. ఇప్పుడైనా చెబుతాడనుకున్నాను. బుల్లెయ్య నన్ను తీసి చూపించాడు.

“ఇదిగోనండి, దీని నిర్వాకం. ఆకులరిగిపోయి, పదని చెప్పి ఆరు కొలిచింది. దిక్కుమాలింది, నన్నూ మోసం చేసిందండి.”

నేనా! నేను మోసం చేశానా!

“పోన్లెండి, మీరేం చేస్తారు” అంటూ త్రిమూర్తులు తన చేత్తోనే నన్ను తుక్కు డబ్బాలో పడేశాడు.

మర్నాడు అతను ఒక కొత్త గేజు కొనుక్కొచ్చాడు. “ఇంకో డ్రైవరు నాలా రోడ్డున పడకూడదండి, ఉంచుకోండి” అన్నాడు. బుల్లెయ్య వద్దంటాడేమోనని తుక్కులోంచి చూస్తూనే ఉన్నాను.

రెండు చేతులా అందుకున్నాడు.